ముప్పై ఎనిమిదితో భాగిస్తే

నిజామాబాద్ గంజ్‌లో నాగేందర్ కిరాణా దుకాణం ముందు రెండు నూనె డబ్బాలు ఎండకు మెరుస్తున్నాయి. ఒకదాని మీద పదిహేను లీటర్లని రాసి ఉంది, రెండోదాని మీద పదిహేను కిలోలని. మొదటిది పదహారు వందల యాభై రూపాయలు, రెండోది పదిహేడు వందల నలభై. హెప్సిబా రెండింటి మధ్య నిలబడి కళ్లు సగం మూసుకుంది. చూసినవాళ్లు ప్రార్థన చేసుకుంటోందేమో అనుకుంటారు.

"ఏందక్కా, డబ్బాలకు దండం వెడ్తున్నవా?" అన్నాడు నాగేందర్. "లీటర్ల డబ్బ తీస్కో. తొంభై రూపాయలు తక్కువ. నీకే మిగుల్తయి."

"నాకు మిగుల్తయా, నీకు మిగుల్తయా?" కళ్లు తెరవకుండానే అంది. "లీటరు నూనె తూకమేస్తే కిలో రాదు సేటూ. తొమ్మిది వందల పది గ్రాములే వస్తది. గీ కిలోల డబ్బల పదహారున్నర లీటర్లుంటది. లీటరు నూటా ఐదున్నర వడ్డది. నీ సస్తా డబ్బల నూటా పది. ఇప్పుడు చెప్పు, ఏది సస్తా?"

నాగేందర్ పక్కనున్న హమాలీని చూసి నవ్వాడు. "గీ అక్క ఇంకో నాలుగు తరగతులు సదివుంటే కలెక్టరయ్యేది."

"అయితే నీ దుకాణానికి రాకపోదును. నువ్వే నా ఆఫీసు సుట్టు తిరుగుదువు. డబ్బ బోధన్ బస్సు మీదికెక్కియ్యి."

బోధన్‌లో చర్చి సంఘం వాళ్ల తబితా బాలికల హాస్టల్‌కు వంటమనిషీ, వార్డెనూ హెప్సిబాయే. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు అక్కడ ఉండి టౌన్‌లో బడికి పోతారు. వంటింటి కిటికీలోంచి చూస్తే మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుంది. దాని మూతి దగ్గర ఇప్పుడు పావురాలు తిరుగుతుంటాయి. ఆకాశానికి రాయడానికి ఏమీ లేక పక్కన పెట్టిన కలంలా ఉంటుందది.

ఎనిమిదేళ్ల వయసులో హెప్సిబా ఈ హాస్టల్‌లో చేరింది. చందూర్‌లో చెరకు తోటల్లో కలుపు తీసే తల్లి లక్ష్మవ్వ, చేతులకు చెరకాకు గీసిన గీతలతోనే వచ్చి బిడ్డను గేటు దగ్గర వదిలి పోయింది. అంతకు ముందు తల్లితో వర్ని అంగడికి పోయినప్పుడు కూరగాయలు తూకానికి కాక కుప్పలుగా పోసి అమ్మడం చూసేది. కుప్పకింత. ఒక కుప్పలో పదకొండు వంకాయలు, ఇంకో కుప్పలో తొమ్మిది, తొమ్మిదే పెద్దవి. తల్లి బేరమాడుతుంటే బిడ్డ నేల మీద చతికిలబడి ఒక్కో కాయ ఎంత పడిందో వేళ్ల మీద చూసుకునేది. ఆమెకు అంకెలు పుస్తకంలోంచి రాలేదు. ఆకలి పక్కన కూర్చుని వచ్చాయి.

ఏడో తరగతి దాటలేదు. పంతొమ్మిదో ఏట మోర్తాడ్‌లో పసుపు ఉడకబెట్టే పనికి పోయే అతనికిచ్చి పెళ్లి చేశారు. మూడేళ్లకే అతను జ్వరంతో పోయాడు. పసుపు మరకలు ఇంకా ఆరని చీరతో ఆమె మళ్లీ ఇదే గేటు ముందుకు వచ్చింది, ఈసారి వంటమనిషిగా. ముప్పై నాలుగేళ్లయింది. వంటింటి పక్క గదిలో ఒక ఇనుప మంచం, ఒక బైబిలు, మేకుకు వేలాడే ఒక స్ప్రింగు త్రాసు. రేషన్ కార్డు మీద, ఆధార్ మీద, బ్యాంకు పుస్తకం మీద ఆమె చిరునామా ఈ గదే. ఈ భూమ్మీద ఆమెకు ఇంకో తలుపు లేదు.

2023 జూన్‌లో, బడులు తెరిచిన వారం, సంఘం ఖజానాదారు పాల్ రాజ్ వచ్చి వంటింటి మెట్టు మీద కూర్చున్నాడు. చక్కెర ఫ్యాక్టరీలో హాజరు గుమాస్తాగా చేసినవాడు. ఫ్యాక్టరీ మూతబడినా ఆయన చొక్కా జేబులో రెండు పెన్నులు ఉండనే ఉన్నాయి.

"హెప్సమ్మా, ఒక్క పిల్లకు దినానికి ఎంత వడ్తున్నదో ఎరికేనా?"

"నువ్వే చెప్పాలె అన్న."

"ఎనభై రూపాయలు. హైదరాబాద్ ట్రస్టోళ్లు ఇచ్చేది డెబ్బై ఐదు. గంతకు మించి ఇయ్యమన్నరు. ఫిబ్రవరి దాక సూస్తరట. డెబ్బై ఐదు లోపలికి రాకుంటే వచ్చే ఏడు హాస్టల్ ఉండది."

"ఐదు రూపాయలకు మూస్తరా అన్నా?"

"ఐదెక్కడిది చెల్లె? ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ముప్పై దినాలు. నెలకు ఐదు వేల ఏడు వందలు. సంఘం కాడ గన్ని పైసలుంటే సర్చి పైకప్పు కారుతుండెనా?"

ఆయన కాగితం మీద గీత గీసి చూపించాడు. తిండికి ఒక్కో పిల్లకు యాభై ఐదు. మిగతా ఇరవై ఐదు గ్యాసుకు, కరెంటుకు, నీళ్లకు, వాచ్‌మన్ జీతానికి, హెప్సిబా జీతానికి. అవన్నీ కలిపి రోజుకు తొమ్మిది వందల యాభై. ముప్పై ఎనిమిదితో భాగిస్తే ఇరవై ఐదు.

"యాభై ఐదు నీ చేతులది. ఇరవై ఐదు ఎవ్వల చేతుల లేదు," అన్నాడు లేస్తూ.

ఆ మాట ఆమెకు ఊరట అనిపించింది. తన చేతిలో ఏదో ఉందని ఎవరైనా చెప్పడం చాలా ఏళ్ల తర్వాత ఇదే.

ఆ రోజు నుంచి హెప్సిబా బజారును పొలంలా దున్నింది. బోధన్‌లో విడిగా కొనే కందిపప్పు మానేసి గంజ్‌లో బస్తా తీసుకుంది. బస్సు మీదికి ఎక్కించిన కూలీ, దింపిన కూలీ, తన టికెట్ కలిపి బస్తాలోని ముప్పై కిలోలకు పంచి చూసినా కిలోకు తొమ్మిది రూపాయలు తగ్గింది. సబ్బుల పొడి పెద్ద సంచీ చిన్న ప్యాకెట్ల కంటే చౌక అని అందరూ అనుకుంటారు. ఆమె గ్రాముల లెక్క చూసి, ఒక కంపెనీది పెద్ద సంచీయే పిరం అని కనిపెట్టి దుకాణదారునే ఆశ్చర్యపెట్టింది. గుడ్ల దగ్గర మాత్రం చిన్న గొడవైంది. ఒకడు ముప్పై గుడ్ల అట్ట నూట అరవై ఐదు అన్నాడు, ఇంకొకడు నూట యాభై అన్నాడు. ఆమె రెండు అట్టలూ త్రాసుకు తగిలించింది. మొదటివి కిలోన్నర దాటాయి, రెండోవి కిలో మూడు వందల యాభై గ్రాములే. కిలో లెక్కన పెద్ద గుడ్లే చౌక.

"గుడ్డును కిలోల లెక్క సూసే మనిషిని నిన్నే సూసిన," అన్నాడు గుడ్లవాడు.

"పిల్లలు కిలోల లెక్కనే పెరుగుతరు తమ్మీ," అంది.

జులైలో యాభై ఐదు యాభై రెండైంది. ఆగస్టులో నలభై తొమ్మిది. ఇరవై ఐదు కలిపితే డెబ్బై నాలుగు. పాల్ రాజ్ రెండుసార్లు కూడి, పెన్ను జేబులో పెట్టుకుని, "నువ్వు మనిషివి గాదు చెల్లె, కాటావు," అన్నాడు. ఆ రాత్రి హెప్సిబా పిల్లలకు బెల్లం పరమాన్నం వండింది. దానికయ్యే ఖర్చు ముందే లెక్కలో కలుపుకుంది.

కానీ ఒక్క రూపాయి. డెబ్బై నాలుగుకూ డెబ్బై ఐదుకూ మధ్య ఒక్క రూపాయి సందు. గ్యాసు పెరిగితే పోయే రూపాయి, టమాటా ఒక వారం అలిగితే పోయే రూపాయి. ఆమె ఆ సందులో కాలు పెట్టి నిలబడ్డట్టు నిద్రలో కూడా బిగుసుకుని పడుకునేది. ఇంకొంచెం వెడల్పు కావాలి. ఊపిరి తీసుకునేంత.

అన్నిటికంటే పెద్ద ఖర్చు బియ్యం. ఒక్కో పిల్లకు రోజుకు నాలుగు వందల గ్రాములు, కిలో నలభై ఐదు చొప్పున పద్దెనిమిది రూపాయలు. అంతకంటే చౌకగా సన్నబియ్యం నిజామాబాద్‌లోనే కాదు, మహారాష్ట్ర హద్దు దాటి ధర్మాబాద్ పోయినా దొరకలేదు. అప్పుడు ఆమెకు పిడికెడు బియ్యం గుర్తుకొచ్చింది.

ఆ సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. పొయ్యి వెలిగించి ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి వంతు. ఆదివారం ఆ డబ్బా సంచిలో పెట్టుకుని గుడికొచ్చి, కానుకల వేళ వేదిక ముందున్న పీపాలో ఒంపుతారు. బియ్యం పీపాలో పడే చప్పుడు ఎండాకాలపు తొలి వానలా ఉంటుంది. ఎనభై ఇళ్ల నుంచి నెలకు రెండు వందల నలభై కిలోల దాకా పోగయ్యేవి. ఆ బియ్యాన్ని పెద్దలు ఒక కోళ్ల ఫారానికి కిలో ఇరవై రూపాయలకు అమ్మి, ఆ డబ్బు గుడి ఖర్చులకు వాడేవారు. కోళ్లకే ఎందుకు అమ్ముతున్నారో ఎవరూ అడగలేదు. హెప్సిబా కూడా అడగలేదు.

పీపాకు పెద్ద దేవవ్వ. డెబ్బై దాటిన మనిషి, పిడికెడు బియ్యం తేనివాళ్లను పేరు పెట్టి పిలిచే మనిషి. హెప్సిబా పోయి సంగతి చెప్పగానే ఆమె కళ్లు నీళ్లయ్యాయి.

"గీ మాట ఇన్నేండ్లు నా నోటికెందుకు రాలేదు బిడ్డా? కోళ్లకేస్తిమి గదనే దేవుని బియ్యం! తీస్కపో. పిల్లల కడుపుల పడనీయి."

సెప్టెంబర్ మొదటి ఆదివారం పీపా హాస్టల్‌కు వచ్చింది. హెప్సిబా సగం బియ్యం కొనడం మానేసింది. ఒక్కో పిల్లకు తొమ్మిది రూపాయలు మిగిలాయి. నలభై, ఇరవై ఐదు, మొత్తం అరవై ఐదు. పది రూపాయల సందు. ఆమె జీవితంలో అంత వెడల్పైన చోట ఎప్పుడూ నిలబడలేదు. కొన్న వస్తువులన్నిటికీ ధర వెతికిన మనిషికి ధర లేని వస్తువు దొరికింది. సున్నాను మించిన చౌక ఏముంటుంది?

బియ్యం ఉడకడం మొదలయ్యాక తెలిసింది. ఎనభై ఇళ్ల బియ్యం ఒక్క డేగిశలో పడితే ఎనభై రకాల ఓపికలు. సన్నగింజలు రెండు పొంగులకే కరిగిపోయేవి. దొడ్డుగింజలు అప్పటికి ఇంకా కళ్లు తెరిచేవి కావు. పాతబియ్యం నీళ్లు చాలవనేవి, కొత్తబియ్యం ఎక్కువయ్యాయనేవి. మంట పెంచితే సగం జావ, తగ్గిస్తే సగం రాయి. నానబెట్టి చూసింది, రెండుసార్లు వార్చి చూసింది, ఆవిరి పట్టి చూసింది. పూటకో తీరుగా వండి, పూటకో తీరుగా ఓడిపోయింది. రేషన్ బియ్యంలో బలానికని కలిపే గింజలు కడిగేటప్పుడు నీటి మీద తేలేవి.

"అక్కా, ప్లాస్టిక్ బియ్యం!" అని పిల్లలు అరిచేవాళ్లు.

"ప్లాస్టిక్ కాదే, గవర్నమెంటోళ్లు విటమిన్లకు కలిపినయి. తినుండ్రి."

"గీ మెత్తగున్నయి ఎవ్వరింటియక్క?" అని ఒకతి అడిగితే, తొమ్మిదో తరగతి హర్షిణి పంటి కింద పలుకు కొరికి, "ఏమోనే, గట్టిగున్నయి మాత్రం పాల్ రాజ్ తాతింటియి!" అంది. బంతి అంతా నవ్వింది. హెప్సిబా కూడా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే కంచాల్లో మిగిలినదంతా ఎంగిలి బకెట్లోకి పోయింది.

బకెట్ తీసుకుపోయే బర్రెల ఆమె ఒకరోజు, "మీ పిల్లలు సల్లగుండ అక్క, మా బర్రెలు మస్తు పాలిస్తున్నయి," అంది. గుడ్లను తూచిన మనిషి, సబ్బుపొడిని తూచిన మనిషి, ఆ బకెట్‌ను మాత్రం త్రాసుకు తగిలించలేదు.

సెప్టెంబర్ చివరి ఆదివారం హర్షిణి తండ్రి లింబాద్రి చందూర్ నుంచి బండి మీద వచ్చాడు. వరి రైతు. బిడ్డ వారంగా కడుపునొప్పి అంటోందని ఫోన్‌లో విన్నాడు. వంటింటి గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"అక్క, కోపం జెయ్యకు. గా పీపల బియ్యం జరంత సూడొచ్చా?"

"సూడు తమ్మీ, దాంట్ల దాచేదేమున్నది?"

అతను పిడికెడు తీసి వెలుతురులోకి వచ్చి అరచేయి చాపాడు. చూపుడువేలితో గింజలను అటూ ఇటూ జరిపాడు. తప్పిపోయిన మేకల్ని మందల వారీగా వేరు చేస్తున్నట్టు.

"ఇది ఆరెన్నార్. గిది బీపీటీ, రెండేండ్ల పాతది. గిది దొడ్డుది. గిది కంట్రోల్ బియ్యం. గిది..." ఒక గింజను గోటితో నొక్కాడు. "గిది బియ్యమే గాదు, తౌడు వాసనొస్తున్నది. గిండ్ల ఒక్కదానికి ఒక్కటి సుట్టం గాదక్క. ఒక్క డేగిశల ఎట్ల వండుతున్నవు?"

"దేవుని బియ్యం తమ్మీ. సంఘపోళ్లు పిడికెడు పిడికెడు..."

"దేవునియే కానీ అక్క. కడుపు పిల్లదాయె." పిడికిలి మూస్తూ అడిగాడు. "ఎంతకు వడ్డయి?"

"పుక్కట్లనే."

"గందుకే," అన్నాడు, ఆ గింజలను పీపాలో కాక పెరట్లో పిట్టలకు చల్లుతూ.

హర్షిణి పెట్టె సర్దుకుని వచ్చింది. హెప్సిబా ముఖంలోకి చూడలేదు. బండి వెనక కూర్చుని పెట్టెను ఒళ్లో పెట్టుకుని, గేటు దాటేటప్పుడు మాత్రం, "పోయొస్త అక్కా," అంది, ఎటువైపూ చూడకుండా.

బతుకమ్మ సెలవులకు పిల్లలంతా ఇళ్లకు పోయారు. పల్లెల్లో మాట పూలకంటే తొందరగా తిరిగింది. తబితా హాస్టల్‌లో ప్లాస్టిక్ బియ్యం పెడుతున్నారట. కోళ్లకేసేవి పెడుతున్నారట. రెండో మాట నిజం కాబట్టి మొదటిదాన్ని ఎవరూ అనుమానించలేదు. సెలవులయ్యాక హెప్సిబా గేటు దగ్గర నిలబడి ఒక్కో పెట్టెనూ లెక్కపెట్టింది. హర్షిణితో కలిపి పదమూడు మంది తిరిగి రాలేదు. ఇరవై ఐదు మంది మిగిలారు.

నవంబర్ మొదట్లో పాల్ రాజ్ కాగితం తెచ్చాడు. ఈసారి మెట్టు మీద కూర్చోలేదు.

"తిండికి నలభైయే చెల్లె, నీ మాట నువ్వు నిలవెట్టుకున్నవు. కానీ తొమ్మిది వందల యాభైని ఇప్పుడు ఇరవై ఐదు మందికే పంచాలె. ముప్పై ఎనిమిది రూపాయలు వడ్తున్నది. మొత్తం డెబ్బై ఎనిమిది."

"పిల్లలు తగ్గితే ఖర్చు తగ్గాలె గదా అన్న?"

"గ్యాసు పొయ్యి ఇరవై ఐదు మందికీ అదే మంట మండుతది. వాచ్‌మన్ అదే గేటు కాడ కూసుంటడు. నువ్వు అదే నువ్వు."

ఆయన పోయాక ఆమె కాగితం ముందు చాలాసేపు కూర్చుంది. గీత పైన ఒక అంకె, గీత కింద ఒక అంకె. ఇన్నేళ్లూ ఆమె పైదాన్నే చూసింది. దాన్నే చెక్కింది, తొలిచింది, పైసా పైసా రాల్చింది. కిందది ఎప్పుడూ అక్కడే ఉంటుందనుకుంది, కాళ్ల కింది నేల ఉన్నట్టు. అందులో ఉన్నది అంకె కాదని, జడలు వేసుకుని పెట్టెలు మోసుకొచ్చే పిల్లలని, వాళ్లు లేచి పోగలరని ఆమెకు తట్టలేదు. ఒక్కొక్కతి పోయినప్పుడల్లా మిగిలినవాళ్ల ధర పెరుగుతుంది. చౌక కోసం ఆమె చేసిన ప్రతి పనీ వాళ్లను గేటు దాకా సాగనంపింది.

మర్నాడే పిడికెడు బియ్యం ఆపేసింది. దేవవ్వ నొచ్చుకుంది.

"దేవుని బియ్యం మీ పిల్లలకు అరుగదంటవా?"

"బియ్యందేం తప్పు లేదవ్వా. నాదే."

"తప్పు నీదయితే నిన్ను నువ్వు తిట్టుకో. బియ్యాన్నెందుకు అవమానం చేస్తవు?" అని ముసలామె మొహం తిప్పుకుంది. పీపా మళ్లీ గుడికి, గుడి నుంచి కోళ్ల ఫారానికి పోయింది.

మంచి సన్నబియ్యం వస్తే తిండి మళ్లీ నలభై తొమ్మిది. మొత్తం ఎనభై ఏడు. హెప్సిబా తన జీతాన్ని కొట్టేసింది. నెలకు ఆరు వేలు, రోజుకు రెండు వందలు. తొమ్మిది వందల యాభై ఏడు వందల యాభై అయింది. ఇరవై ఐదుతో భాగిస్తే ముప్పై. మొత్తం డెబ్బై తొమ్మిది. తనను తాను పూర్తిగా తీసేసుకున్నా ఇంకా నాలుగు రూపాయలు తక్కువ పడింది. అప్పుడు ఆమె కింది అంకెను పెంచి చూసింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది దగ్గర మొత్తం డెబ్బై నాలుగు రూపాయల ఎనభై ఆరు పైసలకు దిగింది. నలుగురు పిల్లలు. నలుగురు వస్తే చాలు.

డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. హెప్సిబా వర్ని బస్సెక్కింది. కండక్టర్ సున్నా అచ్చైన టికెట్ చేతిలో పెట్టాడు.

"పైసలెందుకు తీస్తున్నవవ్వా? మీకు ముఫత్."

"అలవాటు బిడ్డా."

మూడు ఆదివారాలు తిరిగింది. బీడీలు చుట్టే ఇళ్ల అరుగుల మీద కూర్చుంది. ఆకు కత్తిరిస్తున్న తల్లుల చేతులు ఆగకుండానే ఆమె మాట విన్నాయి. ఇద్దరు తల్లులు క్రిస్మస్ తర్వాత పంపుతామన్నారు. ఆమె వాళ్ల పిల్లల పేర్లు అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. ఇంకా ఇద్దరు కావాలి. చివరికి చందూర్‌లో లింబాద్రి ఇంటికి పోయింది. అతను మంచం వాల్చాడు, నీళ్లిచ్చాడు, భార్యతో చాయ్ పెట్టించాడు.

"జీతం ఒదులుకున్న తమ్మీ. సన్నబియ్యమే వండుతున్న, ఒక్క తీరుయే. వచ్చి నీ చేత్తోని సూడు. హర్షిణిని పంపు."

"నాకెరికే అక్క. మీ కాడుండే మా అంజవ్వ బిడ్డ చెప్పింది, ఇప్పుడు బువ్వ మంచిగున్నదని. నీ మీద నాకేం కోపం లేదు." లింబాద్రి తల గోక్కున్నాడు. "కానీ అక్క, పిల్లకు బస్సే పుక్కట్లాయె. పొద్దుగాల పోతది, మాపటికొస్తది. ఇంట్ల తింటది, తల్లి కాడ పంటది. హాస్టల్ దేనికి చెప్పు?"

హెప్సిబా చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఆమెను ఇక్కడికి తెచ్చిన బస్సే. అదే సున్నా.

"నువ్వే లెక్క చెప్పు అక్క," అన్నాడు అతను మెత్తగా. "నీ అంత లెక్క మాకు రాదు."

అతని లెక్క సరైనది. తన బిడ్డే అయితే ఆమె కూడా అదే తేల్చేది.

క్రిస్మస్ సెలవుల తర్వాత పంతొమ్మిది మంది వచ్చారు. ఒప్పుకున్న ఇద్దరూ రాలేదు, ఉన్నవాళ్లలో ఆరుగురు బస్సు దారి పట్టారు. అరచేతి మీది పేర్లు గిన్నెలు తోముతుంటే ఎప్పుడో పోయాయి.

ఫిబ్రవరి చివర సంఘం గదిలో కమిటీ కూర్చుంది. పాల్ రాజ్ నిలబడి చదివాడు. ఆమె జీతం తీసేసినా ఒక్కో పిల్లకు ఎనభై ఎనిమిదిన్నర. కప్పు మీద నుంచి ఒక పెంకు జారిన చప్పుడైంది, అందరూ పైకి చూసి మళ్లీ కిందికి చూశారు. ఏప్రిల్‌లో మూసేయాలని రాసుకున్నారు.

"అన్నా, ఒక్క మాట," అంది హెప్సిబా. "పిల్లలు ఎవ్వరూ లేకుంటే ఒక్కొక్కరికి ఎంత వడ్తది?"

పాల్ రాజ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సున్నతోని భాగించొద్దు చెల్లె. లెక్కలల్ల గసొంటిది లేదు."

"గట్లనా," అంది ఆమె, బడిలో చెప్పని పాఠం ఇప్పుడు విన్నట్టు.

పది పరీక్షలయ్యేదాకా పదో తరగతి పిల్లలు మాత్రం ఉన్నారు. ఏప్రిల్ మొదటి వారంలో వాళ్లూ ఒక్కొక్కరే పోయారు. చివర జ్యోతిరాణి ఒక్కతే మిగిలింది. ఆమె తల్లి ఇటుక బట్టీ పని ఆగితే గానీ రాలేనంది. నాలుగు రోజులు ఆ పెద్ద వంటింట్లో చిన్న గిన్నెలో ఇద్దరికి అన్నం వండింది హెప్సిబా. గింజలన్నీ ఒకే తీరుగా ఉడికాయి. ముప్పై ఎనిమిది మంది కూర్చునే బంతిలో ఒక్క పిల్ల కూర్చుని తింటుంటే చెంచా చప్పుడు గోడను తాకి తిరిగొచ్చేది.

"అక్కా, నువ్వేడికి పోతవు?" అని అడిగింది జ్యోతిరాణి.

"మస్తు చోట్లున్నయి తియ్యే, తిను."

నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు. మోర్తాడ్‌లో ఆడబిడ్డకు రెండుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి చూద్దామంది, రెండోసారి ఎత్తలేదు.

తల్లి వచ్చి జ్యోతిరాణిని తీసుకుపోయిన రోజు, మధ్యాహ్నం ఎండలో హెప్సిబా గేటుకు గొళ్లెం పెట్టి సందు మలుపున ఉన్న చిన్న దుకాణానికి పోయింది. అంతకు ముందు ఎన్నడూ అక్కడ ఏమీ కొనలేదు. ఆ దుకాణంలో వస్తువులన్నీ దండల్లా వేలాడుతుంటాయి, చిన్న చిన్న ప్యాకెట్లుగా, రోజు కూలీలు రోజుకింత తెంపుకుపోయేట్టుగా. దుకాణం నడిపే ముత్తన్న ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏం గావాలక్కా?"

"చాయపత్తి. ఐదు రూపాయలది."

"పావుకిలో ప్యాకెట్ తీస్కోరాదా? డెబ్బై రూపాయలు. గీ ఐదు రూపాయల దాంట్ల పది గ్రాములు లేదు. నీకు నేను చెప్పాల్నా?"

ఆమె పెదవులు కదిలాయి. కిలో ఐదు వందల పైనే. పెద్దది కిలో రెండు వందల ఎనభై.

"ఎరికే తమ్మీ. పావుకిలో నా ఒక్కదానికి రెండు నెలలొస్తది," అంది. "రెండు నెలలకు నేనేడుంటనో."

ముత్తన్న దండలోంచి ఒక ప్యాకెట్ తెంపి ఇచ్చాడు. ఆమె ఐదు రూపాయల బిళ్ల చెక్క బల్ల మీద పెట్టి, ప్యాకెట్‌ను కొంగున ముడి వేసుకుని, ఎండలోకి నడిచింది.